వెబ్ సర్వర్‌కు కొత్త పనులు నేర్పే మాడ్యూళ్లు

పరీక్ష ఫలితాలు విడుదలైన రోజు లక్షల మంది విద్యార్థులు హాల్ టికెట్ నంబరు టైపు చేసి ఒకే వెబ్‌సైట్ కోసం ఎదురుచూస్తుంటారు. అవతలి వైపు ఆ అభ్యర్థనలన్నిటినీ అందుకునే ప్రోగ్రామే వెబ్ సర్వర్. నిజానికి దాని అసలు పని చాలా చిన్నది. బ్రౌజర్ అడిగిన చిరునామా చూసి, తగిన ఫైలు తీసి పంపడమే.

మరి హాల్ టికెట్ నంబరును డేటాబేస్‌లో వెతికించేది ఎవరు? దారిలో ఎవరూ చదవకుండా సమాచారాన్ని సంకేత భాషలోకి మార్చేది ఎవరు? పెద్ద పేజీని కుదించి పంపేది ఎవరు? ఇలాంటి అదనపు పనుల్లో చాలా వాటిని సర్వర్‌కు విడిగా తగిలించే చిన్న ప్రోగ్రామ్‌లు చేస్తాయి. వాటినే మాడ్యూళ్లు అంటారు. ప్రపంచమంతా వాడే అపాచీ సర్వర్ ఉదాహరణగా వీటి కథ తెలుసుకుందాం.

అతుకులతో మొదలు

1990ల తొలినాళ్లలో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎన్‌సీఎస్ఏ కేంద్రంలో రాబ్ మెకూల్ ఒక వెబ్ సర్వర్ రాశారు. 1994లో ఆయన ఆ సంస్థను వదిలి వెళ్లడంతో దాని అభివృద్ధి ఆగిపోయింది. దాన్ని వాడుతున్నవాళ్లు ఎవరికి కావలసిన మార్పులు వాళ్లే చేసుకోసాగారు. 1995లో కొందరు కలిసి ఆ మార్పులన్నీ ఒకచోట చేర్చారు. అలా పుట్టిందే అపాచీ.

అయితే ఒక చిక్కు వచ్చింది. ఒకరి మార్పు మరొకరి మార్పుతో పొసగాలి. కొత్త సౌకర్యం కావాలన్న ప్రతిసారీ అసలు ప్రోగ్రామ్‌నే కదిలించాలి. అప్పుడు రాబర్ట్ థావ్ ఒక కొత్త నిర్మాణం రూపొందించారు. దానికి పెట్టిన సంకేతనామం ‘శంభల’. మన పురాణాల్లోనూ వినిపించే పేరే! అందులో మూల ప్రోగ్రామ్ చిన్నదిగా ఉంటుంది, మిగతా పనులు మాడ్యూళ్లు చూసుకుంటాయి. ఈ నిర్మాణంతోనే 1995 డిసెంబరులో అపాచీ 1.0 విడుదలైంది. ఏడాది తిరక్కముందే అత్యధికంగా వాడే వెబ్ సర్వర్‌గా మారింది.

బల్ల నుంచి బల్లకు

మాడ్యూల్ పనితీరు అర్థం కావాలంటే ప్రభుత్వ కార్యాలయంలో ఫైలు కదలికను గుర్తు చేసుకోండి. బ్రౌజర్ నుంచి వచ్చిన అభ్యర్థన సర్వర్‌లో కొన్ని దశలు దాటుతుంది. అడిగిన చిరునామా ఏ ఫైలుకు చెందుతుంది, అడిగినవారు ఎవరు, వారికి అనుమతి ఉందా, జవాబు ఎవరు తయారుచేయాలి, చివరికి చిట్టాలో ఏం రాయాలి అన్నవి ఆ దశలు.

సర్వర్ మొదలైనప్పుడే ప్రతి మాడ్యూల్ ‘ఫలానా దశలో నన్ను పిలవండి’ అని నమోదు చేసుకుంటుంది. అభ్యర్థన ఆ దశకు రాగానే సర్వర్ దాన్ని పిలుస్తుంది. తనకు సంబంధించినదైతే మాడ్యూల్ పని చేస్తుంది. కాకపోతే ‘ఇది నా సెక్షన్ కాదు’ అని తర్వాతి మాడ్యూల్‌కు వదిలేస్తుంది. ఇంత ఏర్పాటుకు నిర్వాహకుడు చేయాల్సింది చాలాసార్లు సెట్టింగుల ఫైలులో ఒక వరుస చేర్చి, సర్వర్‌ను మళ్లీ ప్రారంభించడమే. మూల ప్రోగ్రామ్‌ను ముట్టుకోనక్కర్లేదు.

తెలుగు పేజీకి మేలు

పేజీలను కుదించే ‘మాడ్ డిఫ్లేట్’ అనే మాడ్యూల్ వల్ల తెలుగు పాఠకులకు ప్రత్యేకమైన లాభం ఉంది. వెబ్‌లో అక్షరాలను ఎక్కువగా యూటీఎఫ్-8 పద్ధతిలో నిల్వ చేస్తారు. ఈ పద్ధతిలో ఒక ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు చాలు. తెలుగులో మాత్రం ప్రతి అక్షరానికీ, ప్రతి గుణింతపు గుర్తుకూ మూడేసి బైట్లు కావాలి. ‘తెలుగు’ అనే చిన్న మాటలో మూడు హల్లులు, మూడు గుణింతపు గుర్తులు ఉన్నాయి. అంటే మొత్తం 18 బైట్లు.

కానీ ఆ మూడు బైట్లలో మొదటిది తెలుగు లిపి అంతటికీ ఒక్కటే. రెండోదానికి రెండే విలువలు ఉంటాయి. ఇలా పదే పదే వచ్చే వాటిని సంక్షిప్తం చేయడమే కుదింపు సూత్రం. అందుకే తెలుగు పేజీ బాగా కుదించుకుపోతుంది. బ్రౌజర్ దాన్ని తనంతట తానే విప్పి చూపిస్తుంది. నెట్ నెమ్మదిగా ఉన్న ఊళ్లో ఫోను పట్టుకున్నవారికి ఈ తేడా తెలుస్తుంది.

ఇంట్లోకి రానిచ్చినట్టే

మాడ్యూల్ బయట నిలబడి సాయం చేసే ప్రోగ్రామ్ కాదు. సర్వర్‌లో భాగమై, సర్వర్ వాడే జ్ఞాపకస్థలాన్నే తానూ వాడుకుంటుంది. వేగానికి ఇది మంచిదే, కానీ ప్రమాదమూ ఇక్కడే ఉంది.

2014 ఏప్రిల్‌లో బయటపడిన ‘హార్ట్‌బ్లీడ్’ లోపం దీనికి ఉదాహరణ. అపాచీలో సురక్షిత సంబంధాలను చూసుకునే ‘మాడ్ ఎస్‌ఎస్‌ఎల్’ మాడ్యూల్, ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్ అనే సాఫ్ట్‌వేర్‌పై ఆధారపడుతుంది. లోపం ఆ సాఫ్ట్‌వేర్‌లో ఉంది. దాడి చేసేవారు కొద్దిపాటి సమాచారం పంపి, చాలా పంపామని చెప్పుకునేవారు. ఆ మాట నమ్మి సర్వర్ తన జ్ఞాపకస్థలంలోంచి ఒక్కోసారి 64 కిలోబైట్ల దాకా తిరిగి పంపేది. అందులో పాస్‌వర్డులు, చివరికి రహస్య తాళాలు కూడా ఉండే అవకాశం ఉంది. అపాచీ మూల ప్రోగ్రామ్‌లో తప్పేమీ లేకపోయినా దానిలోని రహస్యాలు బయటపడే పరిస్థితి వచ్చింది.

2021 డిసెంబరులో దీనికి మరో కోణం కనిపించింది. అపాచీలోని ‘మాడ్ లువా’ మాడ్యూల్‌లో తీవ్రమైన లోపం బయటపడగా 2.4.52 వెర్షన్‌లో సరిచేశారు. ఆ మాడ్యూల్‌ను వాడకుండా పక్కన పెట్టిన సర్వర్లకు మాత్రం ఆ లోపంతో ముప్పే లేదు.

అందువల్ల సర్వర్ నిర్వాహకులకు నిపుణులు చెప్పే సలహా సులువైనదే. ఇప్పుడు ఏయే మాడ్యూళ్లు నడుస్తున్నాయో జాబితా తీయండి. ప్రతిదాని ఎదుటా ‘ఇది ఎందుకు?’ అని రాసి చూడండి. జవాబు దొరకని మాడ్యూల్‌ను ఆపేయండి, ముందుగా పరీక్షా సర్వర్‌పై సరిచూసుకోండి. ఉంచినవాటిని ఎప్పటికప్పుడు తాజా వెర్షన్‌కు మార్చండి. ఒక వరుస చేర్చితే సర్వర్‌కు కొత్త పని వస్తుంది. అక్కర్లేని వరుస తీసేస్తే దాని భద్రత పెరుగుతుంది.