వంతెన వచ్చింది, విమానం వచ్చింది: ఉల్వేలో అద్దెకు దిగవచ్చా?

నవీ ముంబైకి దక్షిణాన, పన్వేల్ సముద్రపు పాయ ఒడ్డున ఉన్న ఉల్వేను స్థిరాస్తి ప్రకటనలు ఏళ్ల తరబడి రేపటి ప్రాంతంగా చూపుతూ వచ్చాయి. ఆ రేపటిలో కొంత భాగం ఇప్పుడు నిజమైంది. ముంబైలోని శివడీ నుంచి ఈ తీరానికి 21.8 కిలోమీటర్ల అటల్ సేతు 2024 జనవరి 12న ప్రారంభమైంది. ఉల్వే మీదుగా సాగే ఉరణ్ రైలు మార్గం కూడా అదే రోజున పూర్తిస్థాయిలో అందుబాటులోకి వచ్చింది. ఉల్వేకు ఆనుకొని నిర్మించిన నవీ ముంబై అంతర్జాతీయ విమానాశ్రయాన్ని 2025 అక్టోబర్ 8న ప్రధాని ప్రారంభించగా, డిసెంబర్ 25న ప్రయాణికుల విమానాలు మొదలయ్యాయి.

ఉద్యోగం కోసం ముంబై ప్రాంతానికి వచ్చే కుటుంబాలకు ఇక్కడి కొత్త అపార్ట్‌మెంట్లు సహజంగానే ఆకర్షణీయంగా కనిపిస్తాయి. అయితే ఇల్లు కొనేవారికి చెప్పే మాటలనే అద్దెకు వచ్చేవారికీ చెప్పడం ఇలాంటి ప్రాంతాల్లో పరిపాటి. ఈ ఇద్దరి లెక్కలూ ఒకటి కావు.

లాభం యజమానిది, భారం అద్దెదారుది

ఎదుగుతున్న ప్రాంతంలో ఇల్లు కొన్నవారు అసౌకర్యాలను కొన్నేళ్లు ఓర్చుకుంటే, ఆ తర్వాత పెరిగిన ఆస్తి విలువ వారికే దక్కుతుంది. అద్దెదారు పరిస్థితి ఇందుకు విరుద్ధం. దుమ్ము, అరకొర రవాణా, నీటి ఎద్దడి వంటి తొలినాళ్ల ఇబ్బందులను భరించేది అతడే. వసతులు సమకూరిన రోజున అద్దె పెరిగితే, ఆ పెంపును చెల్లించేదీ అతడే. మరోవైపు అద్దెదారుకు ఒక వెసులుబాటు ఉంది. అనుకున్న ప్రాజెక్టు ఆలస్యమైనా, ప్రాంతం నచ్చకపోయినా అతడు పెట్టుబడి నష్టపోకుండా వెళ్లిపోగలడు.

అందువల్ల ఉల్వే భవిష్యత్తు ఎలా ఉంటుందన్నది అద్దెదారు వేసుకోవలసిన మొదటి ప్రశ్న కాదు. నేడు పనిచేస్తున్న వసతులకు ఈ అద్దె సమంజసమా, వసతులు పెరిగినప్పుడు అదే ఇంట్లో కొనసాగే హక్కు కాగితం మీద ఉందా అన్న రెండు ప్రశ్నలే ప్రధానం.

వంతెన కనిపించినంత మాత్రాన చాలదు

అటల్ సేతుపై ద్విచక్ర వాహనాలకు, ఆటోరిక్షాలకు అనుమతి లేదు. బైక్‌పై ఉద్యోగానికి వెళ్లేవారికి ఆ వంతెన ఉన్నా లేనట్లే. కారు ఉన్నవారు టోల్‌ను లెక్కించుకోవాలి. 2024లో నిర్ణయించిన రేటు ప్రకారం కారుకు ఒకవైపు 250 రూపాయలు, రానుపోను 375 రూపాయలు. నెలకు 22 పనిదినాలు వెళ్లి వస్తే, ఇంధనం కాక టోల్ ఒక్కటే 8,250 రూపాయలవుతుంది. ముంబైతో పోలిస్తే ఉల్వేలో అద్దెపై మిగిలే మొత్తంలో గణనీయమైన భాగం ఈ రూపంలోనే ఖర్చవుతుంది.

రైలులో వెళ్లేవారికి బామన్‌డోంగ్రి, ఖార్కోపర్ స్టేషన్లు ఉన్నాయి. ఇక్కడి నుంచి రైళ్లు నెరూల్, బేలాపూర్ వైపు నడుస్తాయి. ముంబైలోని ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్‌కు వెళ్లాలంటే హార్బర్ మార్గంలో రైలు మారాలి. హార్బర్ మార్గంతో పోలిస్తే ఉరణ్ మార్గంలో రైళ్లు తక్కువ. ఒక రైలు తప్పితే తర్వాతి దానికోసం ఎంతసేపు నిరీక్షించాలో, రాత్రి చివరి రైలు ఎప్పుడో, స్టేషన్ నుంచి ఇంటికి ఆ వేళలో ఆటో దొరుకుతుందో లేదో తెలుసుకోవాలి. అడ్వాన్సు ఇచ్చే ముందు ఒక పనిదినాన ఉదయం ఇంటి నుంచి కార్యాలయానికి, రాత్రి కార్యాలయం నుంచి ఇంటికి ప్రయాణించి చూడటం ఉత్తమం.

నీరు, వాన, విమానాల రొద

ఉల్వే నోడ్‌ను అభివృద్ధి చేసింది 1970లో ఏర్పడిన సిడ్కో సంస్థ. ఈ ప్రాంతానికి పెణ్ తాలూకాలోని హేటవణే జలాశయం నుంచి నీరు వస్తుంది. రోజుకు ఎన్ని గంటలు కుళాయి నీరు వస్తుంది, వేసవిలో ఎన్ని ట్యాంకర్లు తెప్పిస్తారు, ఆ ఖర్చు నిర్వహణ రుసుములో ఉందా లేక వేరుగా వసూలు చేస్తారా అన్నది బ్రోకర్‌ను కాక, సొసైటీ కార్యదర్శిని అడగాలి.

సముద్రపు పాయల పక్కన, పల్లపు నేలల్లో విస్తరించిన ప్రాంతాలకు వానాకాలమే అసలు పరీక్ష. భారీ వర్షం, సముద్రపు పోటు ఒకేసారి వస్తే వాననీరు సముద్రంలోకి వెళ్లలేక వీధుల్లో నిలుస్తుంది. 2005 జూలై 26న ముంబైలోని శాంతాక్రూజ్‌లో 24 గంటల్లో 944 మిల్లీమీటర్ల వాన కురిసినప్పుడు నగరమంతా ఈ పాఠం నేర్చుకుంది. వేసవిలో ఇల్లు చూసేవారు పార్కింగ్ గోడలపై నీటి మరకలను గమనించాలి. గత వానాకాలంలో నీరు ఎంత ఎత్తున నిలిచిందో కింది అంతస్తు దుకాణదారులకు, కాపలాదారుకు తెలిసే ఉంటుంది.

విమానాశ్రయం సామీప్యం కూడా రెండు వైపులా పదునున్నదే. తొలి దశలో ఏటా 2 కోట్ల మంది ప్రయాణికుల సామర్థ్యంతో, ఒక రన్‌వేతో ఇది మొదలైంది. పూర్తి ప్రణాళికలో రెండు రన్‌వేలు, 9 కోట్ల మంది ప్రయాణికుల సామర్థ్యం ఉన్నాయి. అంటే నేడు వినిపించే రొద మున్ముందు పెరగవచ్చు. పసిపిల్లలు, వృద్ధులు, రాత్రి విధులు ముగించుకొని పగలు నిద్రించేవారు ఉన్న కుటుంబాలు ఇంటిని వేర్వేరు వేళల్లో చూడటం మంచిది.

ఇల్లు ఎవరిది, అనుమతి ఉందా?

నవీ ముంబై కోసం భూములిచ్చిన గ్రామస్థులు న్యాయమైన పరిహారం కోరుతూ 1984లో డి.బి. పాటిల్ నాయకత్వంలో ఉద్యమించారు. ఆ పోరాట ఫలితంగానే భూమిలో 12.5 శాతం మేరకు అభివృద్ధి చేసిన స్థలాన్ని తిరిగి ఇచ్చే పథకం రూపుదిద్దుకుంది. ఉల్వేలోని అనేక భవనాలు ఇలాంటి స్థలాల్లో చిన్న బిల్డర్లు కట్టినవే. గ్రామాల అంచుల్లో అనుమతి లేని కట్టడాలు కూడా ఉన్నాయి. కాబట్టి భవనానికి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఉందా, ఒప్పందంపై సంతకం చేసే వ్యక్తి పేరు, రిజిస్టరైన కొనుగోలు పత్రం సారాంశమైన ఇండెక్స్-2లోని పేరు ఒకటేనా అని సరిచూసుకోవాలి. అనుమతి లేని భవనంపై చర్య తీసుకుంటే, యజమానితో పాటు అద్దెదారు కూడా వీధిన పడతాడు.

పదకొండు నెలలేనా?

ఈ ప్రాంతంలో అద్దె ఒప్పందాలు సాధారణంగా లీవ్ అండ్ లైసెన్స్ పద్ధతిలో 11 నెలలకు జరుగుతాయి. ఏడాదికి మించిన లీజులకే రిజిస్ట్రేషన్ తప్పనిసరి అన్న కేంద్ర చట్టం నిబంధన నుంచి దేశమంతటా ఈ అలవాటు పుట్టింది. మహారాష్ట్రలో ఆ వెసులుబాటు లేదు. 1999 నాటి అద్దె నియంత్రణ చట్టం 55వ సెక్షన్ ప్రకారం గడువు ఎంతైనా ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలి, రిజిస్టర్ కావాలి. ఆ బాధ్యత యజమానిదే. రిజిస్టర్ చేయకపోతే, షరతుల విషయంలో వివాదం వచ్చినప్పుడు, విరుద్ధంగా రుజువయ్యేదాకా అద్దెదారు మాటే చెల్లుతుంది.

అదే చట్టంలోని 24వ సెక్షన్ యజమానికి బలమైన రక్షణ కల్పించింది. గడువు ముగిశాక ఖాళీ చేయని అద్దెదారు రెట్టింపు రుసుము చెల్లించాల్సి ఉంటుంది. ధరలు వేగంగా మారే ప్రాంతంలో 11 నెలల ఒప్పందం అంటే, ఏడాది తిరగకముందే కొత్త అద్దెకు ఒప్పుకోవడమో, ఇల్లు వదలడమో తేల్చుకోవాల్సి రావడమే. పిల్లలను స్థానిక పాఠశాలలో చేర్చిన కుటుంబానికి ఇది చిన్న విషయం కాదు.

దీర్ఘకాలిక ఒప్పందానికి ఖర్చు పెద్దగా ఉండదు. లీవ్ అండ్ లైసెన్స్ ఒప్పందం 60 నెలల వరకు చేసుకోవచ్చు. స్టాంపు సుంకం మొత్తం అద్దెపై, డిపాజిట్‌పై ఏటా 10 శాతం చొప్పున లెక్కగట్టిన వడ్డీపై కలిపి 0.25 శాతం. ఉదాహరణకు నెలకు 20,000 అద్దె, 60,000 డిపాజిట్‌తో 33 నెలలకు ఒప్పందం చేసుకుంటే సుంకం సుమారు 1,700 రూపాయలు. ఏటా ఎంత శాతం పెంచాలో ముందే రాసుకొని, నిర్ణీత కాలం వరకు యజమాని ఖాళీ చేయించరాదన్న షరతు చేర్చుకుంటే పెరుగుదల సెగ కొంత తగ్గుతుంది. ఉద్యోగం మారితే తగిన నోటీసుతో వెళ్లిపోయే అవకాశాన్ని కూడా అందులోనే రాసుకోవాలి.

ఇదే ప్రశ్న త్వరలో ఆంధ్ర తీరంలోనూ ఎదురుకానుంది. 2023 మేలో శంకుస్థాపన జరిగిన భోగాపురం విమానాశ్రయం పేరుతో భీమిలి పరిసరాల్లోనూ రేపటి వసతుల ప్రచారం సాగుతోంది. అక్కడి చట్టం, పత్రాలు వేరైనా అద్దెదారు లెక్క మాత్రం మారదు. ఇంటి నుంచి పనికి నేటి దారి సరిపోయి, నేటి నీరు చాలి, కనీసం రెండు మూడేళ్ల అద్దె కాగితంపై స్థిరపడితే తీరప్రాంతపు కొత్త ఇల్లు మంచి ఎంపికే. ఈ మూడింటిలో ఏ ఒక్కదానికైనా త్వరలో వస్తుందన్న మాటే సమాధానమైతే, అది వచ్చాకే ఆ ఇంటికి వెళ్లడం మేలు.