బీబీ నాంచారు పెండ్లి: పుట్టినింటివారి పక్షము

తిరుమలకు అలిపిరి పాదమైనచో దేవుని కడప తొలి గడప. ఏటేట ఉగాదినాఁడు ఆ గడపకు ముస్లింలు వచ్చి లక్ష్మీవేంకటేశ్వరుని సేవింతురు. బీబీ నాంచారు తమ యింటి యాఁడుబిడ్డ యనియు, స్వామి తమ యల్లుఁడనియు వారి భావము. దీనిని మతసామరస్యమని యొక్కమాటతో మెచ్చి విడుచుట పరిపాటి. ఆ మెప్పు చాలదని మా తలఁపు. ఇది పెండ్లికథ గనుక దీనిని పెండ్లిగానే పరిశీలింపవలెను.

'బీబీ' పారసీకమునుండి ఉర్దూ ద్వారా వచ్చిన మాట. 'నాంచారు' తమిళమందలి 'నాచ్చియార్'. రెండింటికిని దొరసాని యనియే యర్థము.

శ్రీరంగమునను మేలుకోటయందును ప్రచారములోనున్న కథ యిది: తండ్రి కొల్లగొని తెచ్చిన విగ్రహమును సుల్తాను కూఁతురు వలచి, దాని వెంట దక్షిణమునకు వచ్చి, స్వామిలో లీనమయ్యెను. మేలుకోటవారు దీనిని రామానుజులతో ముడిపెట్టుదురు. సంప్రదాయమునుబట్టి ఆయన జీవితకాలము 1017–1137. ఢిల్లీ సుల్తానుల రాజ్య మేర్పడినది 1206లో. చరిత్రగా నిది పొసఁగదు. 1311, 1323 సంవత్సరములలో శ్రీరంగముపై జరిగిన దండయాత్రలును, అచ్చటి ఉత్సవమూర్తి తిరుమలలో తలదాచుకొని 1371లో తిరిగి శ్రీరంగము చేరుటయు ఈ కథకు భూమికలని మేము తలంతుము. తిరుమల యాలయమందలి రంగనాయకుల మండపము ఆ యజ్ఞాతవాసమునకు గుఱుతు.

ఇఁక తొలినాళ్ల యిస్లాములో వివాహస్థితి యెట్టిదో చూచినఁగాని కడపవారి మాటయందలి విశేషము తెలియదు. నికాహ్ ఒక యొడంబడిక. మహరు వధువునకే చెందవలెనని ఖురాను నాల్గవ యధ్యాయము చెప్పును. తండ్రి పుచ్చుకొను కన్యాశుల్కము వంటిది కాదది. వర్తకురాలైన ఖదీజా 595 ప్రాంతమున తానే కబురంపి ముహమ్మదును వరించెనని సంప్రదాయము. 628 నాటి హుదైబియా సంధి తరువాత మక్కానుండి వలసవచ్చిన విశ్వాసినులను అవిశ్వాసులగు భర్తలకడకు మరలఁ బంపరాదనియు, ఆ భర్తలు వెచ్చించిన మహరును మాత్రము తిరిగి యీయవలెననియు అఱువదియవ యధ్యాయము విధించినది. బహుదేవతారాధకునకు పిల్ల నీయరాదని రెండవ యధ్యాయముననే యున్నది.

ఈ విధులనుబట్టి నాంచారు పెండ్లి చెల్లదు. ఒడంబడిక లేదు, సాక్షులు లేరు, మహరు లేదు. (పద్మావతీ పరిణయమునకై కుబేరునియొద్ద అప్పుచేసిన స్వామి కథలోనే యీ లోటు!) ఖదీజావలె వరించిన చొరవ యొక్కటియే యీమెకు మిగిలినది.

శ్రీరంగమువారిది మగపెండ్లివారి కథ. అచ్చట నామె గోడమీఁది చిత్రముగా నిలిచినది. ఆమె పుట్టినింటి తిండియని గోధుమరొట్టె నివేదింతురు. తండ్రికి మిగిలినది కూఁతు నెడఁబాటే. కడపలో పలుకునది ఆఁడుపెండ్లివారు. వారు పోయిన కూఁతును లెక్కింపరు, వచ్చిన యల్లుని లెక్కింతురు. నికాహ్ జరిగెనా లేదా యను ప్రశ్న వారు వేయరు, చుట్టఱికమునే పట్టుకొందురు. పండుగకు అల్లుఁడు అత్తవారింటికి పోవుట తెలుఁగునాట వాడుక కాఁగా, ఇచ్చట అత్తవారే అల్లుని గడపకు వచ్చుచున్నారు.