చిలుకలో ప్రాణము

బుర్రకథలు విని పెరిగినవారికి మాయల ఫకీరును వేరుగా పరిచయము చేయనక్కరలేదు. బాలనాగమ్మను చెరపట్టిన ఆ మాంత్రికుని ప్రాణము వాని దేహములో లేదు. ఏడు సముద్రముల కావల ఒక చిలుకలో ఉన్నది. ఈ కథ గత వేసవిలో నాకు మరల జ్ఞాపకము వచ్చుటకు కారణము పండిత గోష్ఠి కాదు, మా ఇంటి కంప్యూటరు.

మా అమ్మ నోట నిలిచిన దంపుళ్ల పాటలను, ఊయల పాటలను పదేండ్లుగా వ్రాసికొని కంప్యూటరులోని కెక్కించుచు వచ్చితిని. నూటికి పైగా ఉన్నవి. కొన్నింటిని కాగితముమీద తీయించవలెనని పెన్‌డ్రైవులో వేసికొని బజారులోని జెరాక్సు దుకాణమునకు పోయితిని. ఇంటికి వచ్చి దానిని మరల తగిలించి చూతును గదా, ఫోల్డర్లన్నియు అవే పేర్లతో ఉన్నవి గాని, ప్రతిదాని మూలను ఒక చిన్న బాణపు గుర్తు! ఒకటి తెరచితిని. పాటలు కనబడినవి. సంతోషించితిని. ఆ సంతోషమే కొంప ముంచినది.

బాణపు గుర్తు ఉన్నది ఫోల్డరు కాదు, షార్ట్‌కట్. అనగా దారి చూపు పలక మాత్రమే. వైరసు అసలు ఫోల్డరును దాచివేసి, దాని పేరుతో ఈ పలకను నిలుపును. మనము నొక్కగానే మొదట తన పని తాను చక్కబెట్టుకొని, ఆ తరువాత మర్యాదగా అసలు ఫోల్డరును తెరచి చూపును. అనుమానమునకు తావెక్కడ? (శాస్త్రజ్ఞులు ఇట్టి దానిని వైరసు అనక పురుగు అందురు. బాధపడువానికి రెండును ఒకటే.) పూర్వము ఈపాటి శ్రమ కూడ దానికి లేదు. పెన్‌డ్రైవు తగిలించినంతనే అందులోని ప్రోగ్రాము తనంత తాను నడచు సదుపాయము విండోస్‌లో ఉండెడిది. 2008 నవంబరులో బయలుదేరిన కాన్‌ఫికర్ అను పురుగు వ్యాపించిన దారులలో అదియు ఒకటి. 2011లో మైక్రోసాఫ్టువారు పాత విండోసులకును ఆ తలుపు మూసిరి. మూసిన తలుపును మనచేతనే తీయించుట ఈ షార్ట్‌కట్ల ఉపాయము.

యాంటీవైరసు దానిని పట్టినది, తుడిచినది, “శుభ్రము” అని ప్రకటించినది. మరునాడు కంప్యూటరు వెలిగించగానే మరల అదే. మూడు దినములు ఇదే తంతు. మరమ్మతు చేయు కుర్రవాడు వచ్చి, “మొత్తం తుడిచేసి కొత్తగా వేద్దామండీ” అన్నాడు. నా పాటలో? బయటికి తీసి దాచుకొందమన్నను, ఏ పెన్‌డ్రైవు పెట్టినను దానికిని అంటుచున్నది. పదేండ్ల శ్రమ కండ్లయెదుటనే ఉన్నది, చేతికి రాదు.

ఇంజనీరింగు చదువుచున్న మా మేనల్లుడు సెలవులకు వచ్చి, సంగతి విని నవ్వినాడు. “మామయ్యా, మీరు రోజూ ఫకీరునే నరుకుతున్నారు. చిలుక ఎక్కడుందో చూశారా?”

వెదకగా చిలుకలు మూడు బయటపడినవి. కంప్యూటరు వెలిగినంతనే నడువవలసిన ప్రోగ్రాముల పట్టికలో ఒకటి, నియమిత వేళకు లేచి పనిచేయు ఏర్పాటులో ఒకటి, పెన్‌డ్రైవులో మూడవది. ఒకదానిని తుడిచిన రెండవది దానిని మరల వ్రాయుచున్నది. మావాడు మొదట ఇంటర్నెట్టు తీగ ఊడబెరికినాడు. షిఫ్టు మీట నొక్కిపట్టి రీస్టార్టు చేసి, సేఫ్ మోడ్‌లో తెరచినాడు. ఆ స్థితిలో విండోస్ తనకు అత్యవసరమైన పరివారముతో మాత్రమే లేచును. ఆ పట్టికలోనివారిని పిలువదు. అక్కడ రెండు చిలుకల మెడలు విరిచినాడు.

అంతటితో వాడు తృప్తి పడలేదు. పొరుగువారి మంచి కంప్యూటరులో ఒక రెస్క్యూ డిస్కు తయారుచేసి తెచ్చి, దానితోనే మా యంత్రమును మేల్కొలిపినాడు. ఇందలి సూక్ష్మము నాకు మిక్కిలి నచ్చినది. విండోస్ నిద్రలో ఉన్నపుడు దానిమీద బ్రదుకు పురుగును నిద్రలోనే ఉండును. దాగికొనలేదు, ఎదురు తిరుగలేదు. డిస్కును పుస్తకమువలె పుట పుటయు చదివి ఏరివేయవచ్చును. విండోస్ 10, 11లలోని డిఫెండర్‌కు ఆఫ్‌లైను పరీక్ష అను పేర ఇట్టి శక్తియే కలదు. ఆ రాత్రి సగము గడచుసరికి పని ముగిసినది. పాటలన్నియు ముందుగా వేరొక చోటికి చేరినవి.

పెన్‌డ్రైవులోని ఫోల్డర్లను దాచినపుడు పురుగు వానికి “సిస్టమువి” అను ముద్ర కూడ వేయును. అందుచేత మామూలుగా దాపరికపు గుర్తు తీయబోయిన తీయనీయదు. ఆట్రిబ్ అను ఆజ్ఞతో రెండు ముద్రలును తుడువవలెను. చివరకు నా బ్యాంకు, ఉత్తరముల సంకేతపదములను ఫోనులోనుండి మార్పించినాడు. రోగియైన యంత్రముమీద మార్చిన కొత్త తాళపుచెవి కూడ దొంగ చేతికే పోవచ్చునట.

“ఇక నిశ్చయముగా లేదు గదా?” అంటిని. వాడు తల గోకికొన్నాడు. ఏ వైరసునైనను పొరపాటు లేకుండ గుర్తింపగల ప్రోగ్రాము అసాధ్యమని 1984లోనే ఫ్రెడ్ కోహెన్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు తర్కముతో నిరూపించినాడట. మరల తల ఎత్తిన యెడల ఆ కుర్రవాడు చెప్పిన మాటయే మిగిలినది, అంతయు తుడిచి కొత్తగా వేయుట. ఇప్పుడు పాటలు బయట భద్రముగా ఉన్నవి గనుక నాకు భయము లేదు.

అన్నియు దక్కినవని చెప్పలేను. మేనల్లుడు రాకమునుపు, తొందరపాటున, రెండవ పెన్‌డ్రైవు నొకదానిని నేనే ఫార్మాటు చేసి, దానిమీద మనుమరాలి నాట్యపు వీడియోలు నింపితిని. అందులో చెల్లెలింట వ్రాసికొన్న రెండు పాటలుండెను, కంప్యూటరులోనికి ఎక్కించలేదు. అవి పోలేదు, దాగియున్నవని అప్పుడు నాకు తెలియదు. అమ్మ నడిగితిని. ఒకటి పూర్తిగా చెప్పినది. రెండవది మూడు చరణములు పాడి ఆగి, “తరువాతది మీ అత్తకు తెలుసురా” అన్నది. అత్తయ్య పోయి అయిదేండ్లైనది.