గొట్టములోని తడి

మా రొంపిచెర్ల పెద్దలకు మిరప సంగతి నేను చెప్పనక్కరలేదు. కళ్లమున చాలినంత ఎండని కాయను గోతాలకెత్తినచో తూకమునకు లాభముగానే తోచును. కొన్ని దినములకు బూజుపట్టి ధర చెడును. భూమినుండి తీయు సహజవాయువు వర్తకమందును ఇట్టి లెక్కయే కలదు.

కోనసీమలోని నగరము గ్రామము మీదుగా, తాటిపాకనుండి కొండపల్లి విద్యుత్కేంద్రమునకు గెయిల్ అను ప్రభుత్వసంస్థవారి ఉక్కుగొట్టము పోయెడిది. పొడివాయువునకై వేసిన యా గొట్టమున నీటితో కూడిన వాయువును పంపిరి. ఆ నీరు అడుగున నిలిచి ఉక్కును లోలోపల తినివేసినది. 2014 జూన్ 27 తెల్లవారుజామున వాయువు వెలికివచ్చి నిప్పంటుకొనెను. ఇరువదిమందికి పైగా మరణించిరి, కొబ్బరిచెట్లు మాడిపోయినవి.

వాయువునందలి నీటిని తీయుటకును, గొట్టమును శుభ్రపరచి పరీక్షించుటకును వ్యయమగును. ఆ వ్యయము మానినయేట లాభము హెచ్చినట్లే అగపడును. ప్రమాదానంతరము సరఫరా ఆగెను, విద్యుత్కేంద్రములు నిలిచెను, పరిహారము పైబడెను. పోయిన ప్రాణములను నేనీ పద్దులో చేర్చుటలేదు. అంతకుముందు 1995లో పాసర్లపూడి బావి రెండు నెలలకు పైగా మండినది. మండినదంతయు అమ్మవలసిన సరుకే గదా!

మదుపు పెట్టువారు ఇప్పుడు లాభముతోబాటు ఈ సంగతులను గూడ అడుగుచున్నారు. వాటాలు బజారున అమ్ముడగు మొదటి వేయి కంపెనీలు తమ ప్రమాదముల సంఖ్యను, గాలిలో కలిపిన వాయువుల పరిమాణమును ఏటేట ప్రకటింపవలెనని సెబీ విధించిన నియమము 2022-23నుండి అమలులోనికి వచ్చినది.