ఓడినా మనవాళ్ళే!

క్రికెట్ మ్యాచ్ ఉన్న రోజున ఇంట్లో ఆడవాళ్ళ పని ఏమిటండీ? అడిగినప్పుడల్లా టీ పెట్టివ్వడం, పకోడీలు వేసివ్వడం, చెయ్యి తుడుచుకుంటూ వచ్చి నిలబడ్డ క్షణంలోనే వికెట్ పడితే "నువ్వొచ్చావు, వాడు అవుటయ్యాడు" అనిపించుకోవడం. చాలా ఇళ్ళల్లో మనకి దక్కిన క్రీడాభిమానం ఇంతే!

అమలాపురంలో మా వీధి సంగతి వేరు. ఇక్కడ నాలుగిళ్ళ ఆడవాళ్ళకి సొంతంగా ఒక జట్టుంది. క్రికెట్ జట్టు కాదండోయ్, కబడ్డీ జట్టు. పేరు తెలుగు టైటాన్స్. ప్రొ కబడ్డీ పోటీలు జరిగే ఆ రెండు మూడు నెలలూ వారానికి రెండు రోజులో మూడు రోజులో రాత్రి వంట తొందరగా ముగించేసుకుంటాం. పిల్లల చదువుకి గదులు, మగవాళ్ళకి వార్తలకి సెల్‌ఫోన్లు, మాకు టీవీ! మర్నాడు కూరలబండి దగ్గర బెండకాయల బేరంతోపాటు రాత్రి ఆట గురించి కూడా పంచాయితీ నడుస్తుంది.

"సీరియళ్ళు మానేసి కబడ్డీ ఏమిటే?" అని మా అక్క ఆశ్చర్యపోయింది. సీరియల్లో కోడలి కష్టాలు ఎప్పుడు తీరతాయో రాసేవాళ్ళకి ముందే తెలుసు. ఆటలో చివరి నిమిషం దాకా ఎవరికీ తెలీదు. తేడా అదే!

చెడుగుడు రోజులు

ఈ పిచ్చి మా ఇంట్లో మొదలుపెట్టింది నేను కాదు, మా అత్తగారు. ఆవిడ పుట్టిల్లు రాజోలు వైపు ఓ లంక గ్రామం. వేసవిలో గోదారి తగ్గితే పైకి తేలిన ఇసుకలో ఆడపిల్లలంతా చేరి చెడుగుడు ఆడేవారట. టీవీలో తొలిసారి ప్రొ కబడ్డీ చూసినప్పుడు ఆవిడన్న మాట ఇప్పటికీ గుర్తుంది. "ఇది మా చెడుగుడే కదే అమ్మాయ్! ఇసుకలో ఆడేది పరుపుల మీద ఆడిస్తున్నారేంటి?"

ఆవిడకి పన్నెండేళ్ళు రాగానే ఆట మాన్పించేశారు. "పెద్దమనిషినయ్యాక మా నాయనమ్మ గుమ్మమే దాటనివ్వలేదు, ఇంక గీతేం దాటుతాను?" అంటారు నవ్వుతూ. కానీ అరవై ఏళ్ళు గడిచినా ఆటలో కన్ను పోలేదు. "కూతకొచ్చినవాడి మొహం చూడకూడదు. పాదం చూడాలి. మొహం అబద్ధమాడుతుంది, పాదం ఆడదు" అని ఆవిడ చెప్పాకే నాకు ఆట చూడ్డం తెలిసింది.

ఊళ్ళల్లో సంక్రాంతికి, తీర్థాలకి పరిమితమైన ఈ ఆట 1990 బీజింగ్ ఆసియా క్రీడల్లో పతకాల పోటీ అయింది. అమ్మాయిల కబడ్డీకి ఆ గౌరవం దక్కడానికి మరో ఇరవై ఏళ్ళు పట్టింది. 2010లో గ్వాంగ్‌జౌలో అడుగుపెట్టిన మొదటిసారే మనవాళ్ళు బంగారం తెచ్చారు. 2014లో ఎనిమిది జట్లతో ప్రొ కబడ్డీ లీగ్ మొదలైంది. విశాఖపట్నం సొంతగడ్డగా బరిలో దిగిన జట్టే మన తెలుగు టైటాన్స్.

తెలిస్తేనే రుచి

అర్థం కాని ఆట ఉప్పు లేని పప్పులాంటిది. కాస్త తెలుసుకుంటే చాలు, కుర్చీలోంచి లేవలేం. జట్టుకి ఏడుగురు. సగానికి 20 నిమిషాల చొప్పున 40 నిమిషాల ఆట. అన్నం ఉడికి, కూర దించి, పోపు పెట్టేంత సమయం! కూతకి వెళ్ళినవాడు 30 సెకన్లలో ఎవర్నో ఒకర్ని తాకి మధ్యగీత దగ్గరికి తిరిగి రావాలి. తాకినవాళ్ళు ఒక్కొక్కరికీ ఒక పాయింటు. పట్టుబడితే అవతలి జట్టుకి పాయింటు. ఏడుగురూ బయటికెళ్తే ఆలౌట్, అవతలివాళ్ళకి రెండు పాయింట్లు అదనం.

నాకు బాగా నచ్చినవి రెండు నియమాలు. వరసగా రెండు కూతలు ఖాళీగా పోతే మూడోది చావో రేవో. పాయింటు తెస్తాడా, బయటికి పోతాడా, అంతే. ఊరికే కాలక్షేపం చేసి వచ్చేస్తానంటే కుదరదు. రెండోది, ముగ్గురో అంతకన్నా తక్కువమందో మిగిలి ఉన్నప్పుడు రైడర్ని పట్టేస్తే ఒకటికి బదులు రెండు పాయింట్లు. దాన్ని సూపర్ టాకిల్ అంటారు. చేతులు తక్కువై, పని ఎక్కువైనప్పుడు నెగ్గుకొచ్చినవాళ్ళకి రెట్టింపు విలువ ఇవ్వాలని ఎవరికి తోచిందో గానీ, ఆ మహానుభావుడు వాళ్ళింట్లో ఆడవాళ్ళని చూసే ఈ నియమం పెట్టి ఉంటాడు!

66 ఆటలు, 5 గెలుపులు

ఇంతకీ మన జట్టు ఎలా ఆడిందంటారా? అక్కడే ఉంది అసలు కథ.

మొదట్లో బాగానే ఉండేది. రాహుల్ చౌదరి కూతకి వెళ్తుంటే హాలంతా ఊగిపోయేది. 2015లో మూడో స్థానం, 2016లో ఒకసారి నాలుగో స్థానం. "వచ్చే ఏడు కప్పు మనదే" అనుకున్నాం. ఆ వచ్చే ఏడు మాత్రం రాలేదు. 2019 వేలంలో సిద్ధార్థ్ దేశాయ్‌ని 1 కోటి 45 లక్షలకి కొన్నారు. ఆ ఏడు అందరికన్నా ఖరీదైన ఆటగాడు అతనే. ఫలితం మారలేదు.

తర్వాత మూడు సీజన్లూ మా వీధిలో ఎవరూ మరిచిపోలేరు. కరోనా వల్ల పోటీలన్నీ బెంగళూరులోనే పెట్టిన 2021-22లో 22 ఆటలాడి ఒక్కటి గెలిచారు. 2022లో 22 ఆడి రెండు. 2023 ఆసియా క్రీడల్లో భారత జట్టుకి నాయకత్వం వహించి బంగారం తెచ్చిన పవన్ సెహ్రావత్‌ని 2 కోట్ల 60 లక్షల 50 వేలకి తెచ్చుకున్నారు. అప్పటిదాకా కబడ్డీలో ఎవరికీ అంత ధర పలకలేదు. ఆ సీజన్‌లోనూ 22 ఆడి గెలిచింది రెండే. మొత్తం కలిపితే 66 ఆటల్లో 5 గెలుపులు!

ఓడే జట్టుని చూడ్డం ఎందుకని మావారు ఎన్నోసార్లు అడిగారు. నిజమే, ఎందుకు? నేనూ ఆలోచించాను. ఆ రోజుల్లో లీగ్‌లో ఓ పద్ధతుండేది. గెలిస్తే 5 పాయింట్లు, సమమైతే 3, ఏడు లేదా అంతకన్నా తక్కువ తేడాతో ఓడితే 1. మేమంతా ఆ ఒక్క పాయింటు కోసం చూసేవాళ్ళం. పది తేడాతో ఓడిపోతున్న ఆటని చివరి రెండు నిమిషాల్లో ఆరుకి తెచ్చుకుంటే మాకు పండగే. గెలుపు ఒక్కటే లెక్క అనుకునేవాళ్ళకి ఆ రుచి తెలీదు. 2025లో ఆ పద్ధతి తీసేసి గెలిస్తే 2, ఓడితే సున్నా అన్నారు. ఆ ఒక్క పాయింటు పోయినందుకు మా అత్తగారు నిజంగా బాధపడ్డారు!

ఓపిక పట్టినందుకు ఫలం కూడా దక్కింది లెండి. 2024లో 22లో 12 గెలిచి ఏడో స్థానంలో నిలిచారు. ఆరింటికే పైకి అవకాశం, మనది ఏడు! 2025లో విజయ్ మాలిక్ కెప్టెన్సీలో, భరత్ హుడా కూతలతో ఫైనల్‌కి ఒక్క మెట్టు కింద దాకా వెళ్ళి పుణె జట్టు చేతిలో ఓడిపోయారు. ఆ రాత్రి మా వీధిలో లైట్లు చాలాసేపు ఆరలేదు.

అట్టడుగు నుంచి

అడుగున ఉన్నవాళ్ళు అడుగునే ఉంటారని ఎక్కడుంది? మన తెలుగు జట్ల చరిత్రే చూడండి. 2008 తొలి ఐపీఎల్‌లో డెక్కన్ చార్జర్స్ ఎనిమిది జట్లలో ఎనిమిదోది. 2009లో అదే జట్టు కప్పు గెలిచింది. ఫుట్‌బాల్‌లో హైదరాబాద్ ఎఫ్‌సీ 2019-20లో అందరికన్నా కింద నిలిచి, 2021-22లో ఐఎస్ఎల్ విజేత అయింది.

నాణేనికి రెండో వైపూ ఉంది. డెక్కన్ చార్జర్స్ 2012తోనే కనుమరుగైంది. ఆ స్థానంలో వచ్చిన సన్‌రైజర్స్ 2016లో కప్పు గెలిచి, 2018లోనూ 2024లోనూ ఫైనల్లో ఓడింది. హైదరాబాద్ ఎఫ్‌సీని 2025లో ఢిల్లీకి తరలించి పేరు కూడా మార్చేశారు. డబ్బుతో కట్టిన జట్టు డబ్బుతోనే పోతుంది. మనం "మన జట్టు" అంటాం గానీ, తాళాలు మాత్రం మన చేతిలో లేవు.

పేరు తెలుగు, మరి కూత?

ఇంకో సందేహం మా పక్కింటి పిన్నిగారిది. "తెలుగు టైటాన్స్ అంటారు, తెలుగు మాట్లాడేవాడు ఒక్కడూ కనపడడేం?" రాహుల్ చౌదరిది ఉత్తరప్రదేశ్. సిద్ధార్థ్ దేశాయ్‌ది మహారాష్ట్ర. పవన్‌ది ఢిల్లీ. విజయ్ మాలిక్, భరత్‌లది హర్యానా. ఇరాన్ నుంచి వచ్చిన అబోజర్ కూడా మనకి ఆడాడు. వేలంలో ఎవరు దొరికితే వాళ్ళు.

కోడళ్ళం మనకి ఇది కొత్తేం కాదుగా! ఎక్కడో పుట్టి, ఇంకో ఇంటిపేరు మోస్తూ, ఆ ఇంటి పరువు మనదనుకుని బతకడం లేదూ? అయినా పిన్నిగారి మాటలో న్యాయముంది. హర్యానా ఊళ్ళల్లో పిల్లలకి కబడ్డీ ఒక దారి అయింది. మన ఊళ్ళల్లో సంక్రాంతి ముగ్గుతో పాటే చెరిగిపోతోంది.

దారి చూపితే మనవాళ్ళు ఎంత దూరం వెళ్తారో మా అమలాపురానికి బాగా తెలుసు. మా ఊరి సాత్విక్ సాయిరాజ్ రంకిరెడ్డి చిరాగ్ శెట్టితో కలిసి 2023లో ఆసియా క్రీడల బంగారం గెలిచి, ప్రపంచ నంబర్ 1 జోడీ అయ్యాడు. బ్యాడ్మింటన్ లీగ్‌లో 2018లో కప్పు గెలిచిన హైదరాబాద్ హంటర్స్ జట్టులో మన కుర్రాడున్నాడు. ఆ లీగ్ 2020 తర్వాత మళ్ళీ జరగలేదనుకోండి. కానీ మా ఊళ్ళో ఏ సందులో చూసినా పిల్లల చేతిలో రాకెట్టే!

అమ్మాయిల జట్టేదీ?

ఇన్ని జట్లు చెప్పాను కదా, వీటిలో అమ్మాయిల పేరు వినపడిందా? 2016లో ఒక్కసారి ప్రొ కబడ్డీతో పాటే మూడు మహిళా జట్లతో పోటీ పెట్టారు. ఆ ఏడు జులై 31న హైదరాబాద్‌లో జరిగిన ఫైనల్లో స్టార్మ్ క్వీన్స్ 24-23తో ఫైర్ బర్డ్స్‌ని ఓడించింది. ఒక్క పాయింటు తేడా! అంతకన్నా ఉత్కంఠ ఏం కావాలి? అయినా ఆ పోటీ మరుసటేడు కొనసాగలేదు. మన అమ్మాయిలు 2018 ఆసియా క్రీడల ఫైనల్లో ఇరాన్ చేతిలో ఓడి, 2023లో తైవాన్ జట్టుని 26-25తో నెగ్గి బంగారం తిరిగి తెచ్చుకున్నారు. మళ్ళీ ఒక్క పాయింటే.

క్రికెట్‌లో 2023 నుంచి మహిళల ప్రీమియర్ లీగ్ వచ్చింది. మంచిదే. కానీ అయిదు జట్లలో తెలుగు జట్టు లేదు. కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి ఢిల్లీకి ఆడి, 2025లో ప్రపంచ కప్పు గెలిచిన భారత జట్టులో నిలిచింది.

ఇదంతా ఇంత పట్టుదలగా ఎందుకు చెబుతున్నానంటే, మా చిన్నది తొమ్మిదో తరగతి. స్కూలు జట్టులో కూతకి వెళ్తుంది. "ఆడపిల్లకి మోకాళ్ళ మీద ఈ దెబ్బలేంటి? రేపు కాలో చెయ్యో విరిగితే ఎవరు చేసుకుంటారు?" అన్నారు ఒక బంధువు. మావారు ఆలోచనలో పడ్డారు. మా అత్తగారు మాత్రం, "నన్ను మాన్పించారు. ఏం కలిసొచ్చింది? దీన్ని ఆడనివ్వండి" అన్నారు. ఆ ఇంట్లో ఆవిడ మాటకి తిరుగు లేదు.

ఈ మధ్య ఎంపిక పోటీలకి వెళ్ళింది. ఎంపిక కాలేదు. వచ్చి అన్నం తినకుండా పడుకుంది. నేనేదో ఓదార్చబోతే అటు తిరిగిపోయింది. మర్నాడు అయిదింటికి లేచి బూట్లు కట్టుకుంటోంది. "ఎక్కడికే?" అన్నాను. "ప్రాక్టీసుకి. ఇరవై రెండింట్లో ఒకటే గెలిచినప్పుడు కూడా మనవాళ్ళు మర్నాడు ఆడారుగా అమ్మా!" అంది.

మూడేళ్ళు ఓడే జట్టుని చూసి మేం ఏం సంపాదించామో నాకు అప్పుడు తెలిసింది.

కొత్తగా చూడబోయేవారికి

* మొదటి నాలుగాటలూ స్కోరు పట్టించుకోకండి. రైడర్ పాదాలే చూడండి.
* పాలపద్దు పుస్తకంలోనే ఓ పేజీ తీసి పాయింట్ల పట్టిక రాసుకోండి. పిల్లలకి లెక్కలూ వస్తాయి.
* ఒంటరిగా కన్నా పక్కింటివాళ్ళతో కలిసి చూడండి. ఓడిన రోజు తోడు కావాలి.
* మీ ఊరి స్కూలు గ్రౌండులో అమ్మాయిల మ్యాచ్ ఉంటే తప్పకుండా వెళ్ళండి. అక్కడ చప్పట్లు కొట్టేవాళ్ళు చాలా తక్కువ.