లాట్కేనా, హామన్‌టాషా?

చికాగో యూనివర్సిటీలో 1946 నుంచి ఒక వాదన నడుస్తోంది. ఇంతవరకూ తేలలేదు. యూదుల హనుక్కా పండక్కి చేసే లాట్కే గొప్పదా, పూరీము పండగనాటి హామన్‌టాష్ గొప్పదా? మొదటిది బంగాళదుంప తురిమి నూనెలో వేయించే అట్టు. రెండోది గసగసాల ముద్దో జామో పెట్టి మూడు మూలలా మడిచి కాల్చేది, మన కజ్జికాయకు దూరపు చుట్టం. ఫిజిక్సులో నోబెల్ అందుకున్న లియాన్ లెడర్‌మన్ లాంటివాళ్ళు కూడా శాస్త్ర పరిభాషంతా దట్టించి ఈ తిండి మీద ఉపన్యాసాలిచ్చారు.

ఇది ఉత్త సరదా కోసం పుట్టలేదు. ఆ రోజుల్లో యూదు ప్రొఫెసర్లు చాలామంది తాము యూదులమన్న సంగతి క్లాసులో పైకి రానిచ్చేవారు కాదు. క్యాంపస్‌లో రబ్బీగా, అంటే యూదు మతగురువుగా ఉన్న మారిస్ పెకార్‌స్కీ ఇద్దరు ప్రొఫెసర్లను కూడగట్టుకుని అలాంటివాళ్ళను విద్యార్థుల ముందు వేదికెక్కించే ఉపాయం కనిపెట్టాడు. అమెరికా కాలేజీల్లో యూదుతనాన్ని నిలబెట్టింది ప్రార్థనకన్నా భోజనమూ వాదనేనని నాకనిపిస్తుంది.

పెకార్‌స్కీ పనిచేసిన సంస్థ పేరు హిల్లెల్. ఇవాళ వందల క్యాంపస్‌లలో ఉంది. 1923లో ఇల్లినాయిస్ యూనివర్సిటీలో బెంజమిన్ ఫ్రాంకెల్ అనే కుర్ర రబ్బీ దాన్ని మొదలుపెట్టాడు. విచిత్రమేమిటంటే, ఇలాంటిదొకటి ఉండాలని పట్టుబట్టినవాడు ఎడ్వర్డ్ చాన్సీ బాల్డ్విన్ అనే క్రైస్తవ ప్రొఫెసర్. తన క్లాసులోని యూదు పిల్లలకు వాళ్ళ సొంత గ్రంథాలే తెలియవని ఆయన బాధ!

అంతకు ఏడాది ముందు హార్వర్డ్‌లో కథ వేరు. విద్యార్థుల్లో ఐదోవంతు దాటి యూదులుండటం యూనివర్సిటీ ప్రెసిడెంట్ లోవెల్‌కు మింగుడుపడలేదు. 15 శాతానికి మించకూడదన్నాడు. అధ్యాపకులు ఒప్పుకోలేదు. అప్పుడు దొడ్డిదారి వెతికారు. దరఖాస్తులో కొత్త ప్రశ్నలు చేరాయి: మతమేది, తండ్రి ఎక్కడ పుట్టాడు, తల్లి పుట్టింటిపేరు ఏమిటి. అంతటితో ఆగలేదు. పుట్టిన తర్వాత నీ పేరుగానీ, నీ తండ్రి పేరుగానీ ఏమైనా మార్చుకున్నారా, మార్చుకుంటే పూర్తిగా వివరించు అని కూడా అడిగారు. యూదు పేరు వదిలేసి ఇంగ్లీషు పేరు పెట్టుకున్నవాళ్ళను పట్టుకునే వల అది. ఆ తర్వాత మార్కులతో పాటు ‘వ్యక్తిత్వం’ కూడా చూస్తామన్నారు. అమెరికా కాలేజీల అడ్మిషన్ పద్ధతి మీద జెరోమ్ కారెబెల్ 2005లో రాసిన ‘ది చోజెన్’ ఈ చరిత్రంతా తవ్వి తీసింది. ఇవాళ మన అమెరికా తెలుగు ఇళ్ళలో పిల్లలు ఆ వ్యక్తిత్వం నిరూపించుకోవడానికి పడుతున్న ప్రయాసకు మొదలు అక్కడుంది.

భౌతిక శాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ తెలుసుగా? కొలంబియా యూనివర్సిటీలో యూదుల కోటా దాటనివ్వక ఎం.ఐ.టి.కి వెళ్ళాడు. అక్కడ విద్యార్థుల క్లబ్బులైన ఫ్రెటర్నిటీల్లో యూదులకు ప్రత్యేకించినవి రెండే ఉంటే, ఒకదాంట్లో చేరాడు. సైన్స్ ఫిక్షన్ రచయిత ఐజాక్ అసిమోవ్‌ను అదే కొలంబియా తన ప్రధాన కాలేజీలోకి రానివ్వకుండా బ్రూక్లిన్‌లోని సెత్ లో జూనియర్ కాలేజీకి పంపింది. ఇలాంటి పిల్లల్ని పక్కకు తోసేందుకే 1928లో తెరిచిన ఆ కాలేజీ 1936లో మూతపడింది.

తలుపు వేయనిది న్యూయార్క్ సిటీ కాలేజీ. అప్పట్లో ఫీజు లేదు. 1930లలో అక్కడ నిండిపోయింది వలస వచ్చిన యూదు కుటుంబాల పిల్లలే. పోలియో టీకా తయారుచేసిన జోనాస్ సాల్క్ 1934లో అక్కడే డిగ్రీ తీసుకున్నాడు. ఆ కాలేజీ క్యాంటీన్‌కు మాత్రం లాబొరేటరీకన్నా ఎక్కువ పేరొచ్చింది. గోడవారగా చిన్నచిన్న అరలుండేవి. ఒకటో నంబరు అర స్టాలిన్‌ను తిట్టే వామపక్షాలది, రెండో నంబరు అర స్టాలిన్ అభిమానులది. మధ్యాహ్నం ఇంటినుంచి తెచ్చుకున్న బ్రెడ్డు తింటూ విప్లవం ఎలా రావాలో తేల్చేవారు. ఇర్వింగ్ క్రిస్టల్, డేనియల్ బెల్, ఇర్వింగ్ హోవ్, నేథన్ గ్లేజర్ ఒకటో అర బాపతు. తర్వాత క్రిస్టల్ కుడివైపు సిద్ధాంతకర్త అయ్యాడు, హోవ్ చివరిదాకా సోషలిస్టుగానే ఉన్నాడు. ఆ క్యాంటీన్ వాదనలు వాళ్ళు జీవితాంతం పత్రికల్లో కొనసాగించారు.

కోటాలు లేని యూనివర్సిటీ మనమే పెట్టుకుందామని 1948లో యూదులు బోస్టన్ దగ్గర బ్రాండైస్‌ను స్థాపించారు. యూదులు పెట్టినా అందరిదీ. అక్కడ యూదులకు, కేథలిక్కులకు, ప్రొటెస్టెంట్లకు మూడు ప్రార్థనా మందిరాలున్నాయి. ఒకదాని నీడ మరొకదాని మీద పడకుండా వాటిని కట్టారు. లౌకికవాదం మీద వంద ఉపన్యాసాలకన్నా ఆ ఆర్కిటెక్టు గీసిన ప్లాను నయం.

క్షమాపణలు ఆలస్యంగా వచ్చాయి. 1948 నుంచి 1961 దాకా తమ డెంటల్ స్కూల్లో యూదు విద్యార్థుల్ని పనిగట్టుకుని ఫెయిల్ చేసినందుకు ఎమరీ యూనివర్సిటీ 2012లో క్షమాపణ చెప్పింది. 1950లలో యూదుల అడ్మిషన్లు తొక్కిపెట్టినందుకు స్టాన్‌ఫర్డ్ 2022లో చెప్పింది.

1964 యూదు విద్యార్థుల చరిత్రలో పెద్ద సంవత్సరం. సోవియట్ యూదుల్ని దేశం దాటనివ్వాలని ఆ ఏప్రిల్‌లో కొలంబియాలో విద్యార్థులు ఒక సంఘం పెట్టి, మే డే నాడు ఐక్యరాజ్యసమితికి సోవియట్ ప్రతినిధుల కార్యాలయం ముందు ఊరేగారు. ఈజిప్టు రాజు ఫరోతో మోషే ప్రవక్త అన్న ‘నా ప్రజల్ని వెళ్ళనివ్వు’ అనే మాటనే నినాదం చేసుకున్నారు. అదే జూన్‌లో, నల్లజాతివారిని ఓటర్లుగా నమోదు చేసే ఉద్యమానికి మిసిసిపీ వెళ్ళిన క్వీన్స్ కాలేజీ యూదు విద్యార్థి ఆండ్రూ గుడ్‌మన్‌ను, అతని తోటి కార్యకర్తలు ఇద్దరితో కలిపి తెల్లజాతి ఆధిపత్య ముఠా కు క్లుక్స్ క్లాన్ వాళ్ళు చంపేశారు.

ఇప్పటి తగవు ఇజ్రాయెల్ గురించి. 18 నుంచి 26 ఏళ్ళ యూదులను ఉచితంగా పది రోజులు ఇజ్రాయెల్ తిప్పే బర్త్‌రైట్ పథకం 1999లో మొదలై లక్షలమందిని తీసుకెళ్ళింది. ఇంకోవైపు, 2013లో స్వార్త్‌మోర్ కాలేజీ హిల్లెల్ పిల్లలు ఇజ్రాయెల్‌ను వ్యతిరేకించేవాళ్ళను కూడా వేదికెక్కిస్తామని ప్రధాన సంస్థకే ఎదురుతిరిగారు. 2024 వసంతంలో కొలంబియాలో గాజా కోసం నిరసనగా వేసిన గుడారాల్లో యూదు విద్యార్థులే పస్కా పండగ విందు చేసుకున్నారు. ఆ గుడారాలకు భయపడి క్లాసులకు వెళ్ళనివాళ్ళూ యూదు విద్యార్థులే. ఒక జాతి పిల్లలంతా ఒకేలా ఆలోచిస్తారని రాసేవాళ్ళు ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడాలి.

అభిప్రాయ సేకరణలు చేసే ప్యూ సంస్థ 2020 సర్వేలో 30 ఏళ్ళలోపు అమెరికా యూదుల్లో 40 శాతం తమకు మతం లేదు, అయినా యూదులమే అన్నారు. ఇక నిష్ఠగా ఉండేవాళ్ళ ఇబ్బందులు వేరు. వారపు విశ్రాంతి దినమైన సబ్బాతు నాడు కరెంటు స్విచ్చు ముట్టరు కాబట్టి హాస్టల్ ఎలక్ట్రానిక్ కార్డు గీకరు. ఆడా మగా కలిసుండే హాస్టళ్ళలో ఉండలేమని 1997లో కొందరు విద్యార్థులు యేల్ యూనివర్సిటీ మీద కోర్టుకెక్కి ఓడిపోయారు.

తిండి దగ్గర వీళ్ళ నియమాలు మనకూ పనికొస్తాయి. ఆ నియమాలు పాటించే కోషర్ వంటింట్లో పాలూ మాంసమూ కలవవు, గిన్నెలు కూడా వేరు. అమెరికాలో చదివే మీ అబ్బాయో అమ్మాయో శాకాహారులైతే, కోషర్ ప్యాకెట్ మీద ‘పారెవ్’ అని ఉంటే మాంసం, పాలు రెండూ లేవని అర్థమని చెప్పండి. గుడ్డు, చేప మాత్రం ఉండొచ్చు. కాబట్టి వెనకవైపు పదార్థాల జాబితా కూడా చదవమనండి.