గద్దల జనాభా లెక్క

మధ్యాహ్నం వేళ ఒంటిమిట్ట పక్క కొండల వైపు చూడండి. గద్దలు రెక్కలాడించకుండానే గుండ్రంగా తిరుగుతూ పైకి పోతుంటాయి. కాగిన బండలమీద గాలి తేలికై లేచి వాటిని మోస్తుంది. కొన్ని దేశాలలో వలస గద్దలు ఇరుకైన కనుమల గుండా గుంపులుగా సాగుతాయి. అక్కడ కూర్చుని లెక్కించవచ్చు.

మన సీమకు శీతకాలంలో మధ్య ఆసియా నుంచి వచ్చే పిల్లిగద్దలు అలా దొరకవు. పగలంతా పొలాలమీద చెదిరిపోయి మిడతలను వేటాడతాయి. ఒకే పక్షిని రెండుసార్లు లెక్కించకుండడం ఎట్లా?

అవి నిద్రపోయే చోటికి వెళ్లాలి! పొద్దుగుంకే వేళకు అన్నీ ఒకచోట చేరి, చెట్టెక్కకుండా ఎత్తైన గడ్డిలో నేలమీదే పడుకుంటాయి. నందికొట్కూరు దగ్గరి రోళ్లపాడు అలాంటి చోటు. బట్టమేక పక్షికోసం 1988లో అభయారణ్యమైన గడ్డినేల అది. గడ్డికి చెరోవైపు నిలబడి, దిగినవాటిని కూడి, తిరిగి లేచినవాటిని తీసివేస్తారు. వంద దిగి, పది లేచి, వాటిలో ఎనిమిది మళ్లీ దిగితే ఎన్ని? 98. చీకటి పడేదాకా ఇదే పని.

1980లలో రోళ్లపాడులో వందల పిల్లిగద్దలు దిగేవి. తరువాత ఆ సంఖ్య బాగా పడిపోయింది. చుట్టుపట్ల గడ్డినేలలు సాగులోకి పోవడం ఒక కారణం. వాటిని మనం 'బీడు' అంటాము. నాకైతే ఆ మాట నచ్చదు. మిడతలను తినే పక్షి రాత్రి తలదాచుకునేది ఆ బీడులోనే.